పంచరంగుల గంట

చిత్తూరు నుండి వేలూరుకు పోయే దారిలో, తమిళనాడు సరిహద్దుకు దగ్గరగా ఉంటుంది మా ఊరు. మా ఇంటి నడవలో గోడకు బిగించిన చెక్కపలకమీద ఒక మర్ఫీ రేడియో ఉండేది. ఏటా తపాలా కార్యాలయంలో రుసుము కట్టి, లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవలసిన రోజులవి. ముల్లును కొద్దిగా కదిపితే కడప, ఇంకొంచెం కదిపితే మద్రాసు, చీకటి పడ్డాక బెంగళూరు పలికేవి. 1963లో కడప కేంద్రం రాకముందు మా ప్రాంతపు పెద్దలు చాలామంది తెలుగు పాటలను కూడా మద్రాసు కేంద్రం నుండే వినేవారట. 1938లో ప్రారంభమైన ఆ కేంద్రం తమిళంతోపాటు తెలుగు కార్యక్రమాలను కూడా ప్రసారం చేసేది. అందువల్ల మా ఇంట్లో తెలుగు పాట తర్వాత తమిళ పాట రావడం వింతగా తోచేది కాదు. సంతలో బేరం ఒక భాషలో మొదలై మరొక భాషలో ముగిసే చోట, పాటలు మాత్రం భాషలవారీగా విడివిడిగా కూర్చుంటాయా?

అన్నిటికంటే ఆకర్షణ సిలోన్ రేడియోది. దాని వెనుక ఒక చరిత్ర ఉంది. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాటలు ప్రజల అభిరుచిని చెడగొడుతున్నాయని ఆయన భావించారు. ఆకాశవాణిలో వాటికి చోటు తగ్గిపోయింది. శ్రోతలు మాత్రం తగ్గలేదు. ముల్లును కొలంబో వైపు తిప్పుకున్నారు. 1952 చివరలో అక్కడి నుండి అమీన్ సయానీ గొంతుతో వచ్చిన ‘బినాకా గీత్‌మాలా’ దేశమంతటినీ ఆకట్టుకుంది. తెలుగు పాటలను వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి కంఠస్వరం మా తరంవారిలో చాలామందికి ఇప్పటికీ జ్ఞాపకమే. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణి తానే ‘వివిధ భారతి’ని ప్రారంభించింది. దాని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన హిందీ కవి పండిత నరేంద్ర శర్మ దానిని ‘పంచరంగీ కార్యక్రమం’ అన్నారు. సినిమా పాట, జానపదం, శాస్త్రీయ సంగీతం, నాటిక, ముచ్చట - ఇలా రకరకాల రంగులు ఒకే తెరమీద అన్నమాట. ఆ పేరు నాకు చాలా ఇష్టం. అయితే ఐదు రంగులను పక్కపక్కన పూసినంతమాత్రాన బొమ్మ కాదు. ఈ సంగతి నాకు రేడియో కంటే ముందు మా ఇంటి తగాదా, మా ఊరి తిరునాళ్ళు నేర్పాయి.

మా నాయన బడిపంతులు. పద్యాలన్నా, హరికథలన్నా ప్రాణం. ఉదయం భక్తిగీతాలు, వార్తలు అయిపోగానే రేడియో చెవి తిప్పేసేవారు. అవ్వకు ఏ పాటైనా సమ్మతమే. “మనిషి గొంతు ఇంట్లో వినబడతా ఉంటే చాలురా” అనేది. అక్కకు మాత్రం పాశ్చాత్య బాణీలో, గిటారుతో ఎత్తుకునే కొత్త సినిమా పాటలు కావాలి. పదో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. పొరుగూరికైనా ఒంటరిగా పోని ఆ పిల్లకు ఆ పాటలే ప్రయాణాలు అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, అదేమీ తెలియదు. 1978లో ఒకరోజు ఆమె ఎవరికీ చెప్పకుండా ‘శ్రోతలు కోరిన పాటలు’ కార్యక్రమానికి ఒక కార్డు రాసింది. దానిని డబ్బాలో వేసి వచ్చినవాణ్ణి నేనే.

నెల తర్వాత పాట వచ్చింది. పాటకు ముందు కోరినవారి పేర్లు చదివారు. అందులో అక్క పేరు, ఇంటిపేరుతో సహా, ఊరిపేరుతో సహా వినిపించింది. ఆ సమయానికి నాయన బస్సు నిలిచేచోట టీ అంగడిలో ఉన్నారు. “అయ్యవారూ, మీ పాప పేరు రేడియోలో చెప్పినారే! మంచి హుషారైన పాటే అడిగింది!” అని ఎవరో నవ్వారట. ఆ మాటలో ఎగతాళి ఎంత ఉందో, ముచ్చట ఎంత ఉందో నాకు తెలియదు. నాయనకు మాత్రం ఎగతాళే వినిపించింది. ఇంటికి వచ్చి, ఒక్క మాటైనా అనకుండా, రేడియోను తువ్వాలులో చుట్టి అటకమీద పెట్టేశారు. తిట్టి ఉంటే బాగుండేది. అక్క రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అవ్వ మాత్రం “పాట అడిగితే తప్పా? పాడినోళ్ళది తప్పు లేదు గానీ, అడిగినదానిది తప్పొచ్చిందా?” అని గొణుగుతూ తిరిగింది.

ఆ వేసవిలో మా ఊళ్ళో భారతం జరిగింది. చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులపాటు మహాభారత ఉత్సవాలు జరగడం తెలిసినదే. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరిరోజు నేలమీద పరిచిన మట్టి దుర్యోధనుని భీముడు తొడ విరగగొడతాడు. సాయంకాలం భక్తులు నిప్పుల గుండం తొక్కుతారు. ఆ ఏడు బకాసుర వధ నాటి కథకు నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. భాగవతార్ గారు కథను కీర్తనతో మొదలుపెట్టారు. ఏకచక్రపురంలో బ్రాహ్మణుని ఇంటి దుఃఖాన్ని పద్యంలో చెప్పారు. కుంతి మాట ఇచ్చే ఘట్టంలో అరవ జానపదపు వరుస ఒకటి వచ్చింది. భీముడు బండెడు అన్నంతో బయలుదేరగానే చిడతలు జోరందుకొని, కొత్త సినిమా పాట మట్టులో భీముని ఆకలిని వర్ణించారు. జనం గొల్లుమన్నారు. నాయన తొడమీద తాళం వేస్తున్నారు!

ఉండబట్టలేక అడిగాను: “నాయనా, అది సినిమా మట్టు గదా?”

“సినిమా మట్టే. అయితే ఏమి? బండెద్దులు పరిగెత్తేటప్పుడు విలంబకాలంలో పాడమంటావా?” అన్నారు. అని, ఒక్క క్షణం ఆగిపోయారు. ఆ తర్వాత కథ అయిపోయేదాకా ఆయన తాళం వేయలేదు. మరునాడు తెల్లవారేసరికి రేడియో చెక్కపలకమీద ఉంది. ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ రోజునుండి పాటలకంటే, పాటకూ పాటకూ మధ్య ఏముందో వినడం నాకు అలవాటైంది. సిలోన్‌లో ఉదయం వచ్చే పాత హిందీ పాటల కార్యక్రమం ప్రతిరోజూ కె.ఎల్. సైగల్ పాటతోనే ముగిసేది. ముందు ఎన్ని గొంతులు వచ్చినా చివరకు ఆ గొంతు దగ్గరికి చేరతామని శ్రోతకు తెలుసు. అందువల్ల మధ్యలో ఎంత దూరం తీసుకుపోయినా భయం లేదు. వివిధ భారతిలో ‘సంగీత్ సరిత’ మరొక పద్ధతిలో నడిచేది. ఒక రాగాన్ని పరిచయం చేసి, ఆ రాగంలోని సినిమా పాటను, శాస్త్రీయ గానాన్ని దగ్గర దగ్గరగా వినిపించేవారు. హిందీ ఒక్క ముక్క రాని నాయన ఒకనాడు భూప్ రాగాన్ని విని “ఇది మన మోహనమే గదరా!” అని లేచి నిలబడ్డారు, దూరపు చుట్టం ఇంటికి వచ్చినట్లు.

చాలా ఏళ్ళకు బ్రిటన్‌లోని జాన్ పీల్ అనే వ్యాఖ్యాతను గురించి చదివాను. 1967లో బి.బి.సి. రేడియో 1 మొదలైననాటి నుండి 2004లో మరణించేవరకు ఆయన అక్కడ రాక్ సంగీత కార్యక్రమం నడిపారు. పేరుకు రాక్, కాని అందులో జమైకా రెగే ఉండేది, ఆఫ్రికా గిటారు ఉండేది, ఎవరూ పేరు వినని కుర్రవాళ్ళ బృందాలు ఉండేవి. 1978లో ఒక కొత్త పాట నచ్చితే వెంటనే రెండోసారి కూడా వేశారు. ఒక్కొక్కప్పుడు రికార్డును తప్పు వేగంతో తిప్పేవారట కూడా. ఆ పొరపాట్లను శ్రోతలు ఆయన గుర్తుగా దాచుకున్నారు. మా భాగవతార్ గారికి ఈయన సంగతి తెలిసి ఉంటే తమ్ముడనుకొని ఉండేవారు.

1984లో నేను తిరుపతిలో డిగ్రీ చదువుతూ వసతిగృహంలో ఉన్నాను. ఆదివారం సాయంత్రం ఒక గంటసేపు మైకులో పాటలు వేసుకోవడానికి వార్డెను గారు అనుమతించారు. మద్రాసు నుండి వచ్చిన ఒక మిత్రుని దగ్గర ఇంగ్లీషు రాక్ పాటల క్యాసెట్లు ఉన్నాయి. మరొకరి దగ్గర హిందీ, ఇంకొకరి దగ్గర తమిళం. అన్నీ వంతులవారీగా వేశాం. అరగంటలో ముంగిలి ఖాళీ అయింది. ఎవరో తీగ కూడా పీకేశారు. అందరికీ కొంచెం కొంచెం పంచితే అందరూ కొంచెం కొంచెం తృప్తిపడతారని అనుకున్నాం. జరిగిందేమిటంటే, ప్రతివాడికీ ముప్పావు గంట తనది కాని పాటే వినిపించింది.

నాకు బండెద్దులు జ్ఞాపకం వచ్చాయి. తరువాతి ఆదివారానికి నాలుగు రోజులు కూర్చొని వరుస కట్టాం. ఆ వారానికి భాషలను పక్కనపెట్టి దరువును పట్టుకున్నాం. మృదంగంతో మొదలుపెట్టి, డ్రమ్ములు ముందు నడిచే ఒక ఇంగ్లీషు పాటకు వచ్చి, ఆ డ్రమ్ము ఆగీ ఆగకముందే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మా మిత్రుడొకడు టేపురికార్డరులో పట్టుకొచ్చిన తప్పెట మోతను వదిలాం. ముందు నిశ్శబ్దం. తర్వాత మేడమీద కిటికీలు తెరుచుకున్నాయి. వంటమనిషి గరిటె చేతపట్టుకొనే బయటికి వచ్చి, తప్పెట పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. ఆపైన మా దగ్గరికి వచ్చి, “అయ్యా, మన తప్పెటకు ముందర దొరల పాట ఒకటి వచ్చిందే, అది ఇంకొకసారి వేస్తారా?” అని అడిగాడు. మా రాక్ పాటను మళ్ళీ వేయమని అడిగిన మొదటి శ్రోత ఆయనే.

అప్పట్లో అటువంటి గంటను గోడ దాటించి ఊరికి వినిపించే మార్గం మావంటివారికి లేదు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం నుండి దేశంలో తొలి విద్యాసంస్థ సామాజిక రేడియో పలికింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ అనుమతి లభించింది. 2008 అక్టోబరు 15న నాటి మెదక్ జిల్లా మాచనూరులో దళిత మహిళలు నడిపే ‘సంఘం రేడియో’ ప్రారంభమైంది. పొలంలో, పెళ్ళిలో పాడుకునే పాటలు పాడినవారి పేర్లతో గాలిలోకి వచ్చాయి. ఇటువంటి కేంద్రాల ప్రసారశక్తి సాధారణంగా 100 వాట్లు; పది పదిహేను కిలోమీటర్లు దాటితే గొంతు అందదు. దీనిని లోపమని కొందరంటారు. నాకలా తోచదు. పాడినది ఎవరో, వరుస కట్టింది ఎవరో తెలిసిన ఊరికి నచ్చనిది వినిపిస్తే, ఇంటి ముందుకు వచ్చి అడుగుతారు. ఈనాటి చరవాణి మనకు నచ్చిన పాటను చూసి, దానిని పోలినవే ఒకదాని వెంట ఒకటి అందిస్తుంది. సౌకర్యమే. కాని దానిలో నాకు అక్క లేదు, నాయన లేరు.

నాయన సంగతి ఒకటి చెప్పవలసి ఉంది. 1981లో అక్కకు పెళ్ళయి వేలూరు వెళ్ళిపోయింది. మరుసటి సంవత్సరం ఒక సాయంత్రం నాయన టీ అంగడికి పోకుండా రేడియో ముందు కూర్చున్నారు. ‘శ్రోతలు కోరిన పాటలు’ మొదలయ్యాయి. మూడో పాటకు ముందు పేర్లు చదువుతుంటే అక్క పేరు వినిపించింది. దాని వెంటనే నాయన పేరు, ఆపైన ఊరిపేరు. పాట అదే, నాలుగేళ్ళ కిందటిది. కార్డు రాసింది ఆయనేనని మాకెవరికీ తెలియదు. అవ్వ నోరు తెరిచి ఏదో అనబోయింది. నాయన చేయెత్తి వారించారు. గిటారు మొదలుకాగానే లేచి, పొరుగిళ్ళకు కూడా వినిపించేటట్లు రేడియో చెవిని కుడివైపుకు పూర్తిగా తిప్పారు.