గ్రెనడా పూల ముందు ఉద్దానం పిల్ల

"మీదే ఊరు?" అని లండన్‌లో ఎవరడిగినా "వైజాగ్ దగ్గర" అనేదాన్ని. పూర్తిగా అబద్ధం కాదు. కానీ అంత దగ్గరా కాదు.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లె. మా ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఆ పేరు గూగుల్‌లో కొట్టి చూడండి. ముందు కిడ్నీ జబ్బు వస్తుంది. తర్వాత డయాలసిస్ ఫొటోలు. ఇంకాస్త కిందికెళ్తే 2018 అక్టోబర్ 11న మా తోటల్ని పడగొట్టిన తిత్లీ తుఫాను. పేరు చెప్పగానే ఎదుటివాళ్లు "అయ్యో" అని ముఖం పెట్టడం నాకు నచ్చదు. అందుకే ఊరి పేరు మింగేయడం అలవాటైపోయింది.

ఎమ్మెస్సీ చదువుతూ పార్ట్‌టైమ్‌గా క్యాటరింగ్ పనికి వెళ్లేదాన్ని. మే నెలలో చెల్సీ ఫ్లవర్ షోలో షిఫ్టులు పడ్డాయి. 1913 నుంచి థేమ్స్ నది దగ్గర, రాయల్ హాస్పిటల్ ఆవరణలో జరుగుతున్న పూల ప్రదర్శన అది. రాజకుటుంబం కూడా వచ్చి చూస్తుంది. నేను మాత్రం కప్పులు ఏరడానికి, టేబుళ్లు తుడవడానికి వెళ్లాను.

రెండో రోజు అరగంట బ్రేక్ దొరికింది. బయట సన్నగా వాన. గ్రేట్ పెవిలియన్ అనే పెద్ద టెంటులోకి దూరాను. గులాబీలు తప్ప ఒక్క పువ్వు పేరూ తెలీదు. అలా నడుస్తుంటే ఒక మూల ఎర్రగా, పచ్చగా కనిపించింది. పీత గోళ్లలా వేలాడుతున్న హెలికోనియాలు, మైనం పూసినట్టు మెరిసే ఆంథూరియంలు, ఎర్ర అల్లం పూలు. వాటి మధ్యలో... కాగితంపూలు! మా ఇంటి గేటు మీద పాకే కాగితంపూలు! వీటిని ఎవరు తెచ్చి ఇక్కడ పెట్టారు?

బోర్డు మీద "గ్రెనడా" అని ఉంది.

స్టాల్‌లో నిలబడ్డ పెద్దావిడ నవ్వుతూ అడిగింది, "ఎక్కడుందో తెలుసా?"

"స్పెయిన్‌లో కదా?"

"అందరూ అదే అంటారు. అది గ్రెనాడా. మాది కరీబియన్ సముద్రంలో చిన్న దీవి. ఈ కాగితంపూలే మా జాతీయ పుష్పం."

నిజంగానే చిన్నది. దేశం మొత్తం కలిపి 344 చదరపు కిలోమీటర్లు. మా జిల్లాలో పదో వంతు కూడా లేదు. జనాభా లక్ష దాటి కొంచెం. అలాంటి దేశం టీవీ యాడ్స్‌లో పెద్ద దేశాలతో ఏం పోటీ పడుతుంది? అందుకే పూలు మోసుకొచ్చింది. చెల్సీలో ఒకళ్లని ఓడిస్తే ఇంకొకళ్లకి మెడల్ రావడం ఉండదు. ప్రమాణం అందుకున్న ప్రతి స్టాల్‌కీ గోల్డ్ ఇస్తారు. గ్రెనడాకి అది చాలాసార్లు వచ్చింది.

"బీచ్ ఏ దీవికైనా ఉంటుంది. పువ్వు చూసి ఆగినవాళ్లు ఊరి పేరు అడుగుతారు. మాకు అదే కావాలి" అంటూ ఆవిడ నా చేతిలో ఒక కాయ పెట్టింది.

వాసన చూడగానే నానమ్మ గుర్తొచ్చింది. జాజికాయ! చంటిపిల్లల కోసం సానరాయి మీద అరగదీసేది. గింజ చుట్టూ ఎర్రటి వలలా అల్లుకుని ఉండేదే మన బిర్యానీలో వేసే జాపత్రి. ఒకే పండులో రెండు సుగంధ ద్రవ్యాలు. గ్రెనడా జెండా మీద కూడా జాజికాయ బొమ్మ ఉంటుంది.

"ఇవి మీ దీవిలోనే పుట్టాయా?" అన్నాను.

"లేదు. ఇండోనేసియాలోని బాందా దీవుల నుంచి వచ్చాయి. కాగితంపూలు దక్షిణ అమెరికావి. అయితేనేం, మా మట్టిలో నిలదొక్కుకున్నాయి."

మా పలాస జీడిపప్పు గుర్తొచ్చింది. జీడి చెట్టు కూడా పోర్చుగీసు వాళ్లతో బ్రెజిల్ నుంచి వచ్చిందే. ఇప్పుడు ఎవరైనా దాన్ని పరాయిది అంటారా?

తర్వాత ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పింది. 2004 సెప్టెంబర్ 7న ఇవాన్ హరికేన్ వచ్చింది. పది ఇళ్లలో దాదాపు తొమ్మిది దెబ్బతిన్నాయి. జాజికాయ తోటలు చాలావరకు కూలిపోయాయి. అప్పటిదాకా ఇండోనేసియా తర్వాత ప్రపంచంలో ఎక్కువ జాజికాయ పండించింది వీళ్లే. మళ్లీ నాటితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. పైగా పూత వచ్చేదాకా అది ఆడ చెట్టో మగ చెట్టో తెలీదు. మగదైతే కాయే కాయదు.

నా గొంతులో ఏదో అడ్డుపడింది. మా కొబ్బరి కూడా అంతే, ఆరేడేళ్లు. తిత్లీ వెళ్లిన మర్నాడు నాన్న తోటలో అడ్డంగా పడిన చెట్ల మీద నుంచి దాటుకుంటూ నడవడం నాకింకా కళ్లముందే ఉంది.

"మా ఊళ్లోనూ ఇలాగే జరిగింది" అన్నాను.

ఆవిడ "అయ్యో" అనలేదు. "మీ ఊళ్లో ఏం పండుతుంది?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. కొబ్బరి, జీడి, పనస, మునగ అని గబగబా చెప్పాను. చూపిద్దామని ఫోన్ తీశాను. గ్యాలరీ అంతా వెతికితే మా తోట ఫొటోలు నాలుగే దొరికాయి. నాలుగింటిలోనూ పడిపోయిన చెట్లే. సిగ్గేసింది. ఊరిని గూగుల్ ఎలా చూపిస్తోందో నేనూ అలాగే దాచుకున్నానన్నమాట.

ఆ రాత్రి నాన్నకి కాగితంపూల ఫొటో పంపి ఫోన్ చేశాను.

"ఓర్నాయనో! మన గేటు మీదున్న కాయితంపూలు ఆళ్ల దేశానికి జాతీయ పువ్వేటి?" అని నవ్వాడు. "మన తోట ఫొటోలు పంపు నాన్నా, అందరికీ చూపిస్తాను" అన్నాక మాత్రం కాసేపు మాట్లాడలేదు.

"పువ్వులు సూపిస్తే మీ చిన్నాన్న కిడ్నీలు బాగైపోతాయేటమ్మా?"

జవాబు లేదు నా దగ్గర. చిన్నాన్నకి డయాలసిస్ నడుస్తోంది. ఈ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పూలతో అది తగ్గదు. గ్రెనడా పూలు కూడా హరికేన్‌ని ఆపలేవు. 2024 జూలై 1న బెరిల్ వచ్చి ఆ దేశంలోనిదే కరియాకూ అనే దీవిని నేలమట్టం చేసింది.

"బాగవ్వవు నాన్నా. కానీ మనం జబ్బు ఒక్కటే కాదు కదా" అన్నాను. ఆయన ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. "పడుకో, లేటయింది" అన్నాడు.

పొద్దున్న లేచేసరికి వాట్సాప్‌లో పదకొండు ఫొటోలు. మొదట్లోనే కాసిన పనసకాయలు. జీడిపండుకి వేలాడుతున్న గింజ. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్క, దాని పక్కన కొలత కోసం నిలబడ్డ అమ్మ. ఆఖర్న వాయిస్ మెసేజ్: "ఉద్దానం అంటే ఉద్యానవనం అని సెప్పు ఆళ్లకి. పేరులోనే తోట ఉంది."

ఈ సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఎవరికీ చెప్పలేదంతే.

ఇప్పుడు ఎవరైనా ఊరు అడిగితే ఉద్దానం అనే చెప్తున్నాను. వైజాగ్ అనడం లేదు. కిడ్నీల గురించి అడిగితే అదీ దాచను. అక్కడేం పండుతుందని కూడా అడగండి మరి. ఫోన్‌లో చాలా ఫొటోలున్నాయి, పోయినేడాది అమ్మ పక్కన నిలబడ్డ ఆ చెట్టుకి దిగిన తొలి గెలతో సహా.