మా వంటయింటి చుంచు

మొన్నటి శ్రావణమాసమున నొకనాఁటి రాత్రి, జమ్మలమడుగులో మా వంటయింటి గోడవార నేదియో పొడుగాటి ప్రాణి ప్రాఁకుచుండెను. పామని తలఁచి కట్టెతోఁ గొట్టితిమి. గుప్పున కంపు వచ్చెను. దీపము దెచ్చి చూడఁగా నది చుంచు! దాని వెనుక మూఁడు పిల్లలు, ముందున్నదాని తోఁకమొదటి వెండ్రుకలను వెనుకది పంటఁ గఱచుకొని, వరుసగా నుండెను.

చుంచును జనులు చుంచెలుక యందురు గాని యది యెలుకజాతి కాదు. మఱునాఁడు మా యుపాధ్యాయులు దాని నోరు దెఱచి చూపిరి. ఎలుకకు ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ వెడల్పైన సందుండును. దీనికట్టి సందు లేదు. పండ్లు 30. ముందువి కొక్కెములవలె వంగియున్నవి. దవడపండ్లును మొనలు దేఱియున్నవి. బొద్దింక పెంకు చీల్చుటకవి తగిన పనిముట్లు. కన్నులు ఆవగింజలంత, చీఁకటిలో మూతియు మీసములునే దారి చూపును. కంపు ప్రక్కలనున్న గ్రంథులది. చిన్న దేహము వేడిమిని త్వరగాఁ గోల్పోవును గనుక మాటిమాటికిఁ దినకున్న బ్రదుకదు. మా బొద్దింకలను దినుచుండినదిదియే. కొఱ్ఱలబస్తా కొఱికినదియు నిదేయని మా యవ్వ నేఁటికిని వాదించును. ఆ పండ్లను ఆమె చూడలేదు.

ఆ రాత్రి పాఱవేయుటకై తల్లిని తోఁకఁ బట్టి యెత్తితిమి. మూఁడు పిల్లలును పట్టు విడువక దానితోఁ గూడఁ బైకి లేచినవి.