అక్షరములు ఏడా, నాలుగా?

నేను తెలుగు పండితుడను. ప్రోగ్రాములు వ్రాయుట నా విద్య కాదు. అయినను మా పదవ తరగతి బాలిక యొకతె పైథాన్ భాషలో తాను వ్రాసిన తొలి ప్రోగ్రామును నాకు చూపి, "మాస్టారూ, పొడంపేటలో అక్షరాలెన్ని?" అని అడిగినది. నాలుగంటిని. "కంప్యూటరు ఏడంటున్నదండీ" అన్నది.

ఆమెది సముద్రపు కోతకు పాత పొడంపేటను విడిచివచ్చిన మత్స్యకార కుటుంబము. ఊరు కదలినది గాని పేరు కదలలేదు. ఆ పేరే ఆమె మొదట లెక్కించ గోరినది.

ఏడు ఎట్లు వచ్చినదో చూచితిమి. యూనికోడ్ పద్ధతిలో కంప్యూటరు 'పొ' అను దానిని ఒక్కటిగా దాచదు. 'ప' వేరు, దాని ఒత్వము వేరు. 'డం'లో సున్న వేరు. 'పే'లో ఏత్వము వేరు. పైథాన్ ఈ ముక్కలను లెక్కించును, మనము పలుకును లెక్కింతుము. కావున ఏడు తప్పు కాదు. మన ప్రశ్నకు జవాబు మాత్రము కాదు.

ఈ ప్రోగ్రామును ఆమె అంతకుముందే అంతర్జాలములో ఒకచోట ఉంచి అభిప్రాయము కోరియుండెను. ఒకరు "ముందు ప్రాథమికాంశములు నేర్చుకొనుము" అని వ్రాసి ఊరకుండిరి. వేరొకరు మొత్తము తామే తిరుగ వ్రాసి పంపిరి. అందు ఆమె వ్రాసిన పంక్తి ఒక్కటియు మిగులలేదు. పిమ్మట పదునైదు దినములు ఆ పిల్ల కంప్యూటరు గదికి రాలేదు. రెండవవారిది దయ యనుకొందురు గాని, నా దృష్టిలో మొదటి మాటకంటె అదియే గట్టి దెబ్బ. వ్యాసమును దిద్దుటకు మారుగా ఉపాధ్యాయుడే వ్రాసి యిచ్చినచో బాలునికి మిగులునది దస్తూరి అభ్యాసమే గదా!

క్రొత్తవారికి ఇట్టి అనుభవము ఎల్లెడల కలుగుచున్నదే. 2008లో వెలసిన స్టాక్ ఓవర్‌ఫ్లో అను ప్రసిద్ధ ప్రశ్నోత్తర వేదిక నిర్వాహకులు, తమ చోటు క్రొత్తవారికి ఆదరము చూపునట్టిదిగా లేదని 2018లో తామే బహిరంగముగా ఒప్పుకొనిరి.

మూడవ జవాబు ఆలస్యముగా వచ్చినది. వ్రాసినవాడు బరంపురములోని ఒడియా విద్యార్థి. "ఏ పదమిచ్చితివి? ఏమి వచ్చినది? ఏమి రావలెను?" అని మూడే ప్రశ్నలు. తానును తన లిపిలో 'గఞ్జామ' అని వ్రాసి చూడగా, మూడక్షరములకు ఆరు వచ్చినదని చేర్చినాడు. ఆ మూడవ ప్రశ్నకు జవాబు కొరకే ఆ పిల్ల నాయొద్దకు వచ్చినది.

గుణింతపు గుర్తులను, సున్నను విడిచి, అచ్చులను హల్లులను మాత్రమే లెక్కించునట్లు ఆమె మార్చినది. పొడంపేట నాలుగైనది. 'ఋషికుల్య' యిమ్మంటిని, ఐదు వచ్చినది, రావలసినది నాలుగు. 'ల్య' వద్ద ఆగి చూడుమంటిని, అంతకుమించి చెప్పలేదు. లకారమునకు, యకారమునకు నడుమ కంప్యూటరు ఒక పొల్లును దాచియుంచునని మరునాడు తానే కనుగొని, పొల్లు వెంట వచ్చు హల్లును లెక్కింపకుండ చేసినది.

పిల్లలారా, మీ పనిని ఇతరులకు చూపునప్పుడు మీకు వచ్చిన ఇంగ్లీషులోనే వ్రాయుడు, సిగ్గు వలదు. కాని తెలుగు పదమును తెలుగు లిపిలోనే అతికింపుడు. బొమ్మ తీసి పంపినచో ఎదుటివారు దానిని నడిపి చూడజాలరు. తలిదండ్రులు "దీనికి మార్కులున్నవా?" అని అడుగుటకు ముందు, తమ పేరు నిచ్చి ఏమి వచ్చునో చూడగోరెదను.

ఇప్పుడు చిక్కంతయు 'బస్' వద్ద వచ్చినది. ప్రోగ్రాము రెండనుచున్నది. ఛందస్సులో పొల్లు ముందరి అక్షరముతో కలిసి దానిని గురువు చేయును గనుక ఒకటే యని నేనందును. ఏడవ తరగతివారు రెండే యని పట్టుపట్టి కూర్చున్నారు. బరంపురపు మిత్రునికి వ్రాసితిమి. జవాబు ఇంకను రాలేదు.