నడిచే నీడ

బెజవాడ ఎండల గురించి బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతా ఊళ్ళవాళ్ళకి చెప్పినా నమ్మరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నారు పెద్దలు. మా పెరట్లో రోలు పగల్లేదుగానీ, పోయిన వేసవిలో నా గుండె పగిలినంత పనయింది.

మా ఇంట్లో బుజ్జిగాడని ఒక పొమరేనియన్ కుక్క ఉంది. కుక్కని పట్టుకుని ‘వాడు’ అంటుందేమిటీవిడ అనుకోకండి, నా నోట అలాగే వస్తుంది. ఒళ్ళంతా తెల్లటి బొచ్చు. చలిదేశంలో కుట్టించుకున్న కోటు తొడుక్కుని కృష్ణ ఒడ్డున కాపురం చేస్తున్నాడు పాపం!

ఆ రోజు ఇల్లు కడిగిస్తూ, కాళ్ళకి అడ్డం పడకుండా వాణ్ణి పెరట్లో జామచెట్టుకి కట్టాను. చెట్టు కింద చిక్కటి నీడ. పక్కన గిన్నెడు నీళ్ళు. “ఒక్క గంట ఉండరా నాయనా” అని లోపలికొచ్చి సీరియల్ రాయడానికి కూర్చున్నాను. అందులో నా కథానాయిక మండుటెండలో చంటిపిల్లతో అత్తవారి గుమ్మం ముందు నిలబడి ఉంది. ఆవిడ దాహం ఎంత బాగా కుదిరిందంటే, రాస్తూ రాస్తూ నేనే రెండు గ్లాసుల మజ్జిగ తాగేశాను. గంట కాస్తా మూడు గంటలైంది.

“అమ్మగారో!” అని పనమ్మాయి కేక పెడితే పరిగెత్తాను. నీడ చెట్టుకి అటుపక్కకి వెళ్ళిపోయింది. తాడు చెట్టుకి చుట్టుకుపోయి ఇటుపక్క మూరెడే మిగిలింది. గిన్నె బోర్లాపడి ఉంది. బుజ్జిగాడు గచ్చు మీద ఒరిగిపోయి, ఎర్రగా కందిన నాలుక వేలాడేసి ఆపకుండా రొప్పుతున్నాడు. పిలిస్తే కన్నయినా తిప్పలేదు.

నేను పెరట్లో కుళాయి తిప్పాను. మేడమీద ట్యాంకులో కాగిన నీళ్ళు, చెయ్యి కాలింది! పనమ్మాయి వంటింట్లో మంచినీళ్ళ కుండ ఎత్తుకొచ్చి వాడి మీద గుమ్మరించింది. తరవాత బిందె. మా అత్తగారు నోట్లో నీళ్ళు పొయ్యబోతే అదీ ఆపింది, పొలమారుతుందని. తడిపి, విసిరి, ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి జ్వరం 106 ఉంది. కుక్కకి మామూలుగా 101, 102 ఉంటుందిట.

“ముందు తడిపి తెచ్చారు కాబట్టి సరిపోయింది” అన్నాడాయన సెలైను ఎక్కిస్తూ. “మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది. దానికి పాదాల అడుగున తప్ప పట్టదు. రొప్పడమే దానికి చెమటనుకోండి. ఉక్కపోతలో ఆ రొప్పూ సరిగా పనిచెయ్యదు.”

బొచ్చు గొరిగించేద్దామా అన్నాను. వద్దన్నాడు. ఎండ ఒంటికి తగలకుండా కాసేది అదేనట, రాలిన బొచ్చు దువ్వేస్తే చాలట.

“ఇంతకీ ఎండలో ఎవరు కట్టారమ్మా?”

“ఇంట్లో వాళ్ళు” అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. పక్కన పనమ్మాయి నా మొహంకేసి చూసి, తల దించుకుంది. ఆటోలో తిరిగొస్తూ “నేనే కట్టానని చెప్పాల్సింది” అన్నాను. “పోనీలెండమ్మా, బతికాడుగా” అంది.

వాడు లేచి తోక ఊపడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు మా ఇంట్లో అందరూ వైద్యులే. మావారు సాయంత్రం వాణ్ణి తిప్పబోయే ముందు రోడ్డు మీద వంగి చెయ్యి ఆనించి చూస్తారు, చెయ్యి కాలితే వెనక్కి. ఎదురింటివాళ్ళు ఈయనేం పారేసుకున్నాడని వెతకడానికి వస్తున్నారు. చలవని అత్తగారు ఇన్నాళ్ళూ పెట్టిన ఉల్లిపాయ పెరుగన్నం కుక్క నెత్తురుకి విషమని తెలిసి, ఆవిడ ఒక పూట అన్నం మానేశారు. మధ్యాహ్నం పూట బుజ్జిగాడి మకాం స్నానాలగది. మావారు తువ్వాలు భుజాన వేసుకుని బయట నిలబడాల్సిందే.

నా కథానాయికనా? ఆ వారం ఆవిణ్ణి గుమ్మం ముందు నిలబెట్టలేకపోయాను. మొదటి వాక్యంలోనే తలుపు తీయించి, మంచినీళ్ళు ఇప్పించేశాను. కథ అక్కడే చల్లారిపోయిందని ఫోన్లు చేసి మరీ తిట్టారు. తిట్టనీండి.