ఫార్మాట్ కొట్టని మనిషి

మా ఎడిటర్ గారు నన్ను ఏర్పేడు పంపింది ఐఐటీ మీద రాయమని. 2015లో తిరుపతి దగ్గర తాత్కాలిక భవనాల్లో మొదలైన ఆ సంస్థ ఇప్పుడు వెంకటగిరి రోడ్డులో సొంత ప్రాంగణంలో స్థిరపడింది. ఐసర్ కూడా ఇదే మండలంలో ఉంది. ఒకప్పుడు ఏర్పేడంటే మలయాళ స్వామి 1926లో స్థాపించిన వ్యాసాశ్రమం గుర్తొచ్చేది, ఇప్పుడు రెండు జాతీయ విద్యాసంస్థలు. ఈ మార్పు మీద మంచి వ్యాసం వస్తుందని ఎడిటర్ గారి ఆశ. వస్తుంది, ఎవరైనా రాస్తే. నేను మాత్రం కూడలికి కాస్త ఇవతల, ఒక జిరాక్సు కొట్టు పక్కగదిలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని పొద్దు గడిపి వచ్చాను.

నన్నటు మళ్లించింది మా మేనల్లుడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి కూర్చుని ఎక్కడో ఆగిపోయిన సర్వర్ల లాగ్‌లు, అంటే అవి తమ మట్టుకు తాము రాసిపెట్టుకున్న రాతలు, చూసే పని. "మామా, ఏర్పేడులో ఒకాయన ఉండాడు. కంప్యూటరు పడిపోతే ఫార్మాట్ కొట్టడు. ఎందుకు పడిందో చదువుతాడు. మా ఆఫీసులో కూడా అట్ల చదివేవాళ్లు తక్కువ" అన్నాడు. వాడు ఒకరిని మెచ్చుకోవడమే అరుదు.

ఫార్మాట్ కొట్టడం అంటే ఏమిటో మన ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కంప్యూటర్ నెమ్మదిస్తే ఫార్మాట్, నీలం తెర వస్తే ఫార్మాట్, దానంతటది ఆగి మళ్లీ మొదలైతే ఫార్మాట్. పెన్‌డ్రైవ్ గుచ్చి విండోస్ కొత్తగా ఎక్కించి నాలుగైదు వందలు తీసుకుంటారు. కొన్నాళ్లు నడుస్తుంది, మళ్లీ అదే రోగం. ఎందుకు ఆగిందో యంత్రం తన మట్టుకు తాను రాసిపెట్టుకున్న కాగితాలన్నీ ఆ ఫార్మాట్‌తోనే పోతాయి. సాక్ష్యాన్ని కాల్చేసి కేసు మూసేయడాన్ని మనం రిపేరు అంటున్నాం.

మేనల్లుడు చెప్పిన ఆ మనిషికి నలభై దాటినట్టున్నాయి. అంతకుముందు శ్రీకాళహస్తిలో టీవీలు బాగుచేసేవాడట. కుడిచేతి చూపుడువేలి మీద సాల్డరింగ్ ఐరన్ కాల్చిన పాత మచ్చలు. మాట తక్కువ. నేను పత్రిక మనిషినని చెబితే "కూర్చో సామీ" అని పనిలో పడిపోయాడు. బల్ల మీద ఒక సీపీయూ. వెంకటగిరి వైపు పల్లెలో ఒక చీరల వ్యాపారి బిల్లింగ్ మిషన్. మగ్గాల మీద నేయించి ఇంటి ముందు గదిలోనే అమ్ముకునే మనిషి. మిషన్ రోజూ పొద్దున పూట టప్పున ఆగి మళ్లీ లేస్తోంది. అప్పటికే వేరేచోట ఫార్మాట్లు అయ్యాయి, విండోస్ మారింది, యాంటీవైరస్ కూడా కొనిపించారు. ఫలితం లేదు.

ఆయన ముందు సి డ్రైవ్‌లో విండోస్ లోపలికి పోయి మినీడంప్ అనే ఫోల్డర్ తెరిచాడు. నీలం తెర వచ్చిన ప్రతిసారీ ఆ క్షణంలో మెమరీలో ఏముందో కొంత భాగాన్ని విండోస్ అక్కడ ఫైలుగా దాస్తుంది. ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది, నెల ముందు, రోజు తర్వాత, అమెరికా వరసలో. ఫోల్డర్ ఖాళీ. ఆయన మొహంలో నిరాశ లేదు సరికదా, తల ఊపాడు. ఖాళీగా ఉండటం కూడా ఒక సంగతే. విండోస్‌కు కనీసం రాసుకునే సమయమైనా దొరకలేదన్నమాట.

తర్వాత ఈవెంట్ వ్యూయర్. అందులో సిస్టమ్ లాగ్. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు, వేల వరుసలు. ఎవరికైనా చూడగానే కళ్లు తిరుగుతాయి. ఆయన రెండు అంకెలు కొట్టి మిగతాదంతా వడకట్టేశాడు: 41, 6008. కెర్నల్ పవర్ 41 అంటే కంప్యూటర్ పద్ధతిగా మూయకుండా ఆగిపోయిందని. అయితే దాన్ని ఆగేటప్పుడు రాయదు, మళ్లీ లేచాక రాసుకుంటుంది. ఆగిన వేళ కావాలంటే 6008 చూడాలి. "41 చూసి అదే టైము అనుకుంటారు సామీ. అది లేచిన టైము. పడిన టైము ఇంగొగటి" అన్నాడు. 41 లోపల వివరాలు తెరిస్తే బగ్‌చెక్ కోడ్ దగ్గర సున్నా ఉంది. సున్నా అంటే సాఫ్ట్‌వేర్ కుప్పకూలిన ఆనవాలేదీ లేదని. చాలావరకు కరెంటు వైపు చూడమని.

చాలామంది ఇక్కడితో లోపల కరెంటు అందించే పెట్టె, ఎస్‌ఎంపీఎస్, మార్చి పంపేస్తారు. ఈయన పొడుగు అట్ట నోటుపుస్తకం తీసి, పెన్సిల్‌తో 6008లు చెప్పిన వేళలన్నీ ఒకదాని కింద ఒకటి దించాడు. ఆ పెన్సిల్ కదలిక చూస్తుంటే నాకు కరణం చిఠ్ఠా రాస్తున్నట్టనిపించింది. అన్నీ పొద్దున తొమ్మిది దాటిన కొద్ది నిమిషాల్లో. ఆదివారాలు కూడా. వ్యాపారికి ఫోన్ చేశాడు. "అన్నా, మీ తట్టు బోర్లకు త్రీఫేజు ఎన్ని గంటలకు వదుల్తారు?" అవతల జవాబు విని పుస్తకం మూశాడు.

సంగతి ఇది. సేద్యానికి కరెంటు వచ్చే వేళకు రైతు తోటలో ఉండడు. అందుకని బోర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకుంటారు. కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఆ క్షణంలో ఓల్టేజీ దబ్బున పడుతుంది. వ్యాపారి ఇల్లు అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంది. యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఎస్‌ఎంపీఎస్ విప్పి నాకు చూపించాడు: రెండు కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి ఉన్నాయి. బాగున్నవైతే ఆ రెప్పపాటు కుదుపును ఎట్లాగో తట్టుకునేవి. కొత్త విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా పొద్దున బోర్లు లేస్తూనే ఉంటాయి గదా.

కొట్లో ఒక కుర్రాడున్నాడు, ఫోన్లకు అద్దాలు మార్చే పని. నా ఆశ్చర్యం చూసి నవ్వాడు. "ఇప్పుడు ఇదంతా ఎందుకన్నా, లాగ్ ఫొటో తీసి చాట్‌జీపీటీకి పెడితే చెప్పేస్తుంది." ఆయన తలెత్తకుండా అన్నాడు: "చెప్తుంది. 41కి అర్థం నా కంటే బాగా చెప్తుంది. ఆ ఊర్లో బోర్లు యాళ్లకు లేస్తాయని దానికి ఎవురు చెప్పాల?"

మధ్యాహ్నం ఒక లాప్‌టాప్ వచ్చింది. దానికి మినీడంప్‌లు బోలెడు. వాటిని తెరిచే చిన్న ప్రోగ్రామ్‌లలో తప్పు చేసిందనుకునే ఫైలు పేరు విడిగా కనబడుతుంది. ఎక్కువసార్లు అక్కడ పడే పేరు ఎన్‌టీఓఎస్ కెర్నల్, అంటే విండోస్ గుండెకాయ. అది చూసి విండోసే పాడైందని ఫార్మాట్ కొట్టేస్తారు. తప్పు ఎవరో చేస్తారు, కెర్నల్ దాన్ని పట్టుకుని ఆగిపోతుంది, పట్టుకున్నవాడి పేరు రాతలో పడుతుంది. ఈయన ఆ పేరును లెక్కచేయడు. కోడ్‌లు చూస్తాడు. ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే డ్రైవర్ కనబడితే ఆ డ్రైవర్‌ను అనుమానిస్తాడు. పూటకో కోడ్, పూటకో ఫైలు పేరు వస్తే ర్యామ్ మీదికి పోతాడు. ఎందుకంటే చెడిన మెమరీ గడిలో ఎవరు కాలుపెడితే వాళ్లే పడతారు. లాప్‌టాప్ విప్పి ర్యామ్ బయటికి లాగాడు. దాని బంగారు పళ్లను బడిపిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా, ఒకే దిక్కుకు, పది పదిహేను సార్లు రుద్దాడు. పొట్టు ఊది, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ రుద్దాడు. తిరిగి బిగించి మెమరీ పరీక్ష పెట్టి వదిలేశాడు. అది గంటలు పడుతుంది. ఆ గంటలకు ఎవరూ డబ్బివ్వరు.

పక్కన జిరాక్సు కొట్టు దగ్గర ఒక ముసలామె గొంతు ఎంతసేపటినుంచో వినబడుతోంది. పొలం కాగితం కోసం తిరుగుతున్నట్టుంది, వన్‌బీనో అడంగలో. "పోతే సర్వరు లేదంటారు. రేపు రా అంటారు. రేపు పోతే మళ్లా లేదంటారు. యాడికి పోయింది నాయనా ఆ సర్వరు, నేను పొయ్యి పిల్చుకొస్తా." జిరాక్సు అబ్బాయి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆమె అడిగింది సరైన ప్రశ్న. యాడికి పోయింది?

అది ఏ నిమిషాన, ఏ కారణంతో ఆగిందో ఎక్కడో ఒక లాగ్‌లో సెకన్లతో సహా ఉంటుంది. డిస్క్ నిండిందా, డేటాబేస్ తలుపు దగ్గర జనం ఎక్కువయ్యారా, ఎవరో సర్టిఫికెట్ గడువు తీరిపోనిచ్చారా. ఉంటుంది. ఆ రాతకూ ఈ ముసలామెకూ మధ్య చదివే మనిషి ఉన్నాడో లేడో తెలియదు, ఉన్నా ఆయన చదివింది ఆమె దాకా రాదు. మన దగ్గరికి వచ్చేది 'సాంకేతిక కారణాల వల్ల' అన్న ముక్క ఒక్కటే. కారణం చెప్పకుండా కారణం ఉందని మాత్రం చెప్పే ఇంత తెలివైన మాటను ఏ గుమాస్తా కనిపెట్టాడో గానీ, దండం పెట్టాలి.

చదివితే ఏమవుతుందో ఈ జిల్లాకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2022 నుంచి శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోదే. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి లేచిన తొలి ఎస్ఎల్‌వీ-3 రాకెట్ రెండో దశలో అదుపు తప్పి, 317 సెకన్లకు కథ ముగిసి సముద్రంలో పడింది. తర్వాత రికార్డులన్నీ ముందేసుకుని కూర్చున్నారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వ్ దగ్గర మలినం చేరి మూసుకోక నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని తేల్చారు. మరుసటి ఏడాది జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది.

చదవకపోతే ఏమవుతుందో 2023 జూన్ 2న బాలాసోర్ రైలు ప్రమాదం చూపించింది. రైల్వే స్టేషన్ల రిలే గదుల్లో డేటాలాగర్ అని ఒక పెట్టె ఉంటుంది, ఏ సిగ్నల్ ఎప్పుడు ఏ రంగు చూపిందో, ఏ పాయింట్ ఎటు తిరిగిందో వరుసగా రాస్తుంది. ఆ సాయంత్రం బహానగా బజార్‌ స్టేషన్లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్ మీద పచ్చ సిగ్నల్ పడింది, పాయింట్ మాత్రం గూడ్సు నిలిచున్న లూప్ లైన్ వైపు ఉంది. 290 మందికి పైగా పోయారు. రైల్వే భద్రతా కమిషనర్ నివేదికలో నన్ను వదలని సంగతి వేరే ఉంది. ఏడాది ముందు, 2022 మే 16న, అదే డివిజన్‌లో బాంక్రానయాబాజ్ అనే స్టేషన్ దగ్గర తప్పు వైరింగ్ వల్ల ఇట్లాంటిదే జరిగింది. రైలు వేరే దారి పట్టింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి లోతుకు పోలేదు. అప్పుడే వైరింగ్ సరిచూసి ఉంటే ఇది జరిగేది కాదని నివేదికే అంది.

లాగ్ ఉంటే చాలదు. అది లాగ్ అని గుర్తుపట్టే బుద్ధి కూడా కావాలి. 1996 జూన్ 4న యూరప్‌వారి ఏరియాన్-5 తొలి రాకెట్ లేచి 40 సెకన్లు తిరక్కముందే ముక్కలైంది. దిక్కు చెప్పే కంప్యూటర్ ఒక పెద్ద అంకెను చిన్న గడిలో ఇరికించబోయి ఆగిపోయింది. ఆగిపోతూ తన తప్పు వివరం బయటికి పంపింది. ప్రధాన కంప్యూటర్ ఆ రోదనను ప్రయాణ సమాచారం అనుకుని, దాని ప్రకారం రాకెట్‌ను పక్కకు తిప్పేసింది.

ఈ కథ చెబితే మా రిపేరు ఆయన మొదటిసారి నవ్వాడు. తన కథ ఒకటి చెప్పాడు. 2024 జులై 19, శుక్రవారం. ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మిషన్లు నీలమయ్యాయి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఏర్పేడులో ఏమీ కాలేదు, ఎందుకంటే వాటిని పడగొట్టిన క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత ఇక్కడ ఎవరికీ లేదు. అయినా ఆయన కూర్చుని నెట్‌లో ఎవరో పెట్టిన డంప్ చదివాడట. డ్రైవర్ పేరు తేటగా ఉంది, సీఎస్ఏజెంట్. తర్వాత కంపెనీయే పూస గుచ్చినట్టు బయటపెట్టింది: కొత్త ఫైలు 21 విలువలు అడిగింది, ప్రోగ్రామ్ దగ్గర 20 మాత్రమే ఉన్నాయి, లేని ఇరవై ఒకటోదాని కోసం మెమరీలో హద్దు దాటింది. మన లెక్కన పొద్దున 9:39కి వదిలి 10:57కి వెనక్కి తీసుకున్నారు. "తప్పు చేసినారు, ఒప్పుకున్నారు, యాడ చేసినారో చెప్పినారు. మనోళ్లు చెప్పమను చూద్దాం" అన్నాడు. ఆయన నోట ఆ పూట వచ్చిన అతి పొడుగు మాట అదే.

ఆయన్ను అంతా మెచ్చుకుని వదిలేయడం నాకిష్టం లేదు. ఆ నోటుపుస్తకం తెరిస్తే ఆయనకు తప్ప ఎవరికీ అర్థం కాని గుర్తులు. ఏళ్ల తరబడి ఈ చుట్టుపక్కల ఊళ్ల ఓల్టేజీలు, మిషన్ల తత్వాలు అందులో ఉన్నాయి. ఆ కుర్రాడికి ఒక్క పేజీ చదవడం నేర్పలేదు. ఎందుకని అడిగితే "వానికి అద్దాల్లోనే నాలుగు రూకలు మిగుల్తాయి సామీ" అన్నాడు. అది నిజమే గానీ సాకు కూడా. కాలేజీలను అనేముందు ఈయన్ను కూడా అనాలి. ఇక కాలేజీల్లో నాలుగేళ్లు కోడ్ రాయడం చెబుతారు. పడిపోయిన ప్రోగ్రామ్‌ను ముందేసుకుని ఎందుకు పడిందో తేల్చమనే పరీక్ష నాకు తెలిసిన పిల్లల్లో ఎవరూ రాయలేదు. బెంగళూరు వెళ్లాక రాత్రి రెండింటికి మా మేనల్లుడిలా నేర్చుకుంటారు.

సాయంత్రం చీరల వ్యాపారి వచ్చాడు. కొత్త ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్‌కు బ్యాటరీ, స్టెబిలైజరు పెట్టుకోమని సలహా. "సరేప్పా, ఫార్మాట్ కొట్టినావా?"

"అక్కర్లేదన్నా."

"అదేందప్పా, కొట్టకుండా సర్వీస్ చార్జీ ఏస్తావా? సామాన్లకిస్తా, ఊరికే చూసినందుకు ఏంది?"

ఆయన వాదించలేదు. బిల్లు పుస్తకం ముందుకు లాక్కుని సామాన్ల కింద ఇంకో వరుస రాశాడు: ఫార్మాట్, 400. వ్యాపారి తృప్తిగా చెల్లించి మిషన్ ఆటో ఎక్కించుకుని వెళ్లాడు. నేను ఆయన మొహం వంక చూశాను. "చదివినందుకని రాస్తే ఇయ్యరు సామీ" అన్నాడు. ఆ బిల్లు పుస్తకం తిరగేశాను. పేజీ తర్వాత పేజీ, ఫార్మాట్, 400. ఫార్మాట్, 400.