బస్తర్‌లో ఒక రాత్రి బస

తెల్లవారుజామున విశాఖపట్నంలో కిరండూల్ పాసెంజరు ఎక్కిన ప్రయాణికుడు పొద్దు వాలే వేళకు జగదల్‌పూర్‌లో దిగుతాడు. సొరంగాలు, బొర్రా గుహలు, అరకు లోయ, కొరాపుట్ కొండలు దారి పొడుగునా అతని కన్నులకు విందు చేస్తాయి. కాని ఈ రైలుమార్గాన్ని విహారయాత్రికుల కోసం వేయలేదు. బైలదిల్లా కొండలలోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో నిర్మించారు. నేటికీ పాసెంజరుకు ఎదురుగా బరువెక్కిన ఖనిజపు బండ్లు సాగిపోతూనే ఉంటాయి.

బస్తర్ నుంచి తరలిపోయేవి ఎక్కువ, బస్తర్‌లో నిలిచేవి తక్కువ. ఖనిజమే కాదు, మనుషులు కూడా తరలిపోతారు. మిరప కోతల కాలం వచ్చిందంటే దక్షిణ బస్తర్ గ్రామాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే తెలంగాణ చేలకు కూలికి వస్తాయి. అందువలన రెండు రోజుల విహారానికి వచ్చిన అతిథి ఇక్కడ ఏ కప్పు క్రింద నిద్రిస్తాడన్నది చిన్న విషయం కాదు.

ఐరోపా నగరాలను రెండు మూడు రోజులలో చుట్టి రాదలచినవారు స్టేషను సమీపంలో చౌక హోటలు వెదుక్కుంటారు. జగదల్‌పూర్‌లోనూ అటువంటివారికి లాడ్జీలున్నాయి. మంచం, దుప్పటి, గోడకు అద్దం, తలుపుకు గడియ: అలసిన దేహానికి ఇంతకు మించి అక్కరలేదు. గది అద్దెలో మిగిలిన సొమ్ముతో మరునాడు జీపు మాట్లాడుకోవచ్చు.

ఆ జీపు పట్టణానికి పడమరగా 38 కిలోమీటర్ల దూరాన ఉన్న చిత్రకోట్ చేరుతుంది. అక్కడ ఇంద్రావతి నది గుర్రపు నాడా ఆకారంలో, సుమారు 29 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. వానకాలంలో ఎర్రమట్టి రంగుతో ఘూర్ణిల్లే ఆ ప్రవాహం శీతకాలానికి తేటపడి, తెల్లని పాయలుగా విడిపోతుంది. మధ్యాహ్నానికి జీపు మరొక దిక్కున ఉన్న తీరథ్‌గఢ్ చేరుతుంది. అక్కడ నీరు మెట్లు మెట్లుగా జారుతుంది. సాయంకాలానికి ప్రయాణికుడు లాడ్జీకి తిరిగివస్తాడు. రెండు జలపాతాలు చూశాడు. బస్తర్‌ను చూశాడా అంటే, చెప్పడం కష్టం.

తీరథ్‌గఢ్ పరిసరాలలోనే, 1982లో జాతీయోద్యానంగా ప్రకటించిన కాంగేర్ లోయలో, ధుడ్‌మారాస్ అనే ధుర్వా గిరిజనుల పల్లె ఉన్నది. అక్కడి కుటుంబాలు కొన్ని తమ ఇళ్ళలోనే అతిథులకు బస ఏర్పాటు చేస్తున్నాయి. గ్రామ యువకులు వెదురు తెప్పలపై యాత్రికులను కాంగేర్ నదిలో త్రిప్పుతారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాలుగా తీర్చిదిద్దడానికి ప్రపంచం మొత్తం మీద ఎంపిక చేసిన 20 పల్లెలలో ఇది ఒకటి.

ఇటువంటి పల్లెలో బస చేసేవారు పట్టణపు సౌకర్యాలు కొన్నింటిని మరచిపోవలసి ఉంటుంది. అయితే తెలుగు అతిథికి ఇక్కడ పరాయితనం ఎంతోసేపు నిలువదు. ఆకు దొప్పలో పోసే మాండియా పేజ్ మన రాగి అంబలికి అక్కచెల్లెలు. ఇక్కడివారు సల్ఫీ అనే పానీయం మన మన్యంలోని జీలుగు కల్లే. చాప్‌డా అనే ఎర్రచీమల పచ్చడి మాత్రం కొత్తవారిని కొంత తటపటాయింపజేస్తుంది. ధుర్వాల మాతృభాష పర్జీ. అది ద్రావిడ భాషా కుటుంబానికి చెందినది. అందులో నీటిని ‘నీర్’ అంటారు. దాహంతో వచ్చిన తెలుగువాడు తన భాషలోనే అడిగినా ఆ మాట పరాయిది కాబోదు.

1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ సంప్రదాయం చెబుతుంది. రాజుల చుట్టరికం జగదల్‌పూర్ రాజప్రాసాదం దగ్గర వినిపిస్తుంది. అంతకన్న పాత చుట్టరికం ఈ పల్లెలో, ఒక చెంబెడు నీటిలో కనిపిస్తుంది.

బస్తర్ పేరు వినగానే చాలామందికి మొదట కలిగేది భయం. దానికి కారణం లేకపోలేదు. జగదల్‌పూర్ నుంచి సుక్మాకు పోయే రహదారిలో, ఝీరం లోయ వద్ద, 2013 మే 25న మావోయిస్టులు ఒక రాజకీయ యాత్రపై దాడి చేసి పాతికమందికి పైగా ప్రాణాలు తీశారు. అటువంటి సంఘటన తరువాత యాత్రికుడు మరొక ఊరు చూసుకుంటాడు. అడవిని నమ్ముకున్నవాడికి మరొక ఊరు లేదు. ప్రయాణానికి ముందు పరిస్థితి విచారించుకోవడం వివేకం. విచారించిన తరువాత కూడా భయాన్నే పట్టుకొని ఉండడం మాత్రం ఆ పల్లెకు రెండవ శిక్ష.

తెల్లవారగానే గుడిసెల మీద పొగ లేస్తుంది. అడవిలో పక్షులు మేల్కొంటాయి. అతిథి చెల్లించిన కొన్ని వందల రూపాయలు ఆ ఇంటి ఉప్పుకో, పిల్లల పుస్తకాలకో, వర్షాలకు ముందు ఇంటికప్పు మరమ్మతుకో అక్కరకు వస్తాయి. తెప్ప నడిపే యువకుడికి నదిలోనే పని దొరికితే, మిరప చేల దారి పట్టవలసిన అవసరం ఆ మేరకు తగ్గుతుంది.

మరునాడు తిరుగు రైలు ఎక్కిన ప్రయాణికుడి ప్రక్కనే ఖనిజపు బండి మరొకటి విశాఖ వైపు సాగిపోతుంది. అది బస్తర్ నుంచి కొంత తీసుకుపోతున్నది. అతడు మాత్రం, ఒక రాత్రి బసకు మూల్యంగా, అక్కడ కొంత విడిచి వస్తున్నాడు.