బాగే ఆమ్‌లో ఒక ఆదివారం

నాంపల్లి స్టేషను దాటి పబ్లిక్ గార్డెన్స్‌లో (మన పెద్దల మాటలో బాగే ఆమ్) అడుగుపెట్టినప్పుడల్లా నేను 1924లో పూర్తయిన షాహీ మసీదుకు మాత్రమే వెళ్ళేవాడిని. అదే తోటలోని మ్యూజియంలోకి ఏనాడూ తొంగి చూడలేదు. ఈసారి మా అమ్మాయి పట్టుబట్టి తీసుకువెళ్ళింది.

ఆమెకు బొమ్మలు గీసే అలవాటున్నది. జీవుల రూపాలను చిత్రించడం గూర్చి ధర్మవేత్తలు చెప్పినది మద్రసాలో బోధించేవాడిని నేను. నిరుడు ఆమె డ్రాయింగు పుస్తకాన్ని కోపంతో చించివేశాను. నాటినుండి ఆమె నా ఎదుట పెన్సిలు పట్టలేదు.

మ్యూజియంలో జనమంతా ఈజిప్టు మమ్మీ చుట్టూ మూగి ఉన్నారు. ఫిర్‌ఔన్ దేహమిదేనా అని ఒక పెద్దాయన అడుగుతున్నారు. కాదు, అదొక స్త్రీది. మేము అజంతా చిత్రాల నకళ్ళున్న శాలకు నడిచాము. గుమ్మం వద్దనే నా కాళ్ళు ఆగిపోయాయి.

"రండి అబ్బా! వీటిని గీసినవారిలో సయ్యద్ అహ్మద్ గారని మన హైదరాబాదు చిత్రకారుడున్నారు" అన్నది.

అజంతా నాడు నిజాం రాజ్యంలోనిది. అంతకుముందు ఆంగ్లేయులు రెండు మార్లు నకళ్ళు తీయించి లండనుకు తరలించారు. 1866లో ఒక మారు, 1885లో మరొక మారు అగ్నిప్రమాదాలలో అవి చాలావరకు కాలిపోయాయి. గుహలలోని అసలు చిత్రాలేమో పెచ్చులూడిపోతున్నాయి. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు అధిపతియైన గులాం యజ్దానీ గారు వాటి సంరక్షణకు పూనుకున్నారు. ఇటలీ నుండి నిపుణులను రప్పించారు. అజంతాపై ఆయన గ్రంథం నాలుగు భాగాలుగా 1930 నుండి 1955 వరకు వెలువడింది. ఇక సయ్యద్ అహ్మద్ గారు ఆ చీకటి గుహలలో గీతకు గీత సరిచూచుకుంటూ ఏళ్ళ తరబడి పనిచేశారు.

ఆయన వాటిని కొలవడానికి గీయలేదు, నశించిపోతున్నదానిని నిలపడానికి గీశారు. ఇందువల్ల నేను చెప్పే పాఠం మారదు. కాని ఆ పాఠాన్ని నా ఇంట్లో అమలుపరచిన తీరు తలచుకుని సిగ్గుపడ్డాను.

ఖుర్ఆన్ ప్రతులున్న చోట మాత్రం ఆమె కంటే నేనే ఎక్కువసేపు నిలిచాను. ప్రతి అక్షరమూ ఒకే కొలతలో, ఒకే ఒరవడిలో! నా చేతివ్రాత ఎంత వంకరో నా విద్యార్థులకు తెలుసు.

జుహ్ర్ నమాజు ముగించుకుని స్టేషను రోడ్డు మీదుగా ఆబిడ్స్ చేరాము. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి గనుక కాలిబాటలన్నీ పాత పుస్తకాలతో నిండిపోతాయి. నాకొక ఉర్దూ ఖుష్‌ఖత్ పుస్తకం దొరికింది. ఆమె పెన్సిలు చిత్రాలు నేర్పే పుస్తకాన్ని తీసి, తిరగేసి, మళ్ళీ కుప్పలో పెట్టేసింది. నేను దానిని కూడా తీసి, రెండింటికీ కలిపి ధర చెప్పమన్నాను.